పూరీలో ఇంకా ఎవరూ తీయని ఫొటో మిగిలిందా?

అస్కారోడ్డు కుర్రోడు (బరంపురం)
అందరికీ నమస్కారం. చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని, పెద్దయ్యాక ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ వెంటేసుకుని పూరీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. మొన్న ఉగాదికి మాత్రం కెమెరా కోసమే వెళ్ళాను, ఒక్కణ్ణే. మూడు రోజులుండి వెయ్యి ఫొటోల పైచిలుకు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి చూస్తున్నాను. శిఖరం మీద జెండా, గుడి ముందు పెద్ద వీధి బడదండ మధ్యలో ఆవు, ఒడ్డున ఒంటె, ఇసుక బొమ్మ, బొట్లు పెట్టుకుని డబ్బులడిగే సాధువు, సూర్యోదయం. వెనక నుంచి మా చెల్లెలు చూసి, "ఇవి నువ్వు తీసినవా, నెట్లోంచి దింపినవా?" అంది. నిజంగానే అడిగింది, వెటకారం కాదు. అదే ఎక్కువ బాధేసింది.

మేలో మళ్ళీ వెళ్తున్నాను. ఇంత జనం తొక్కేసిన ఊళ్ళో, ఇన్ని లక్షల మంది తీసేసిన చోట మీకు కొత్తగా ఏదైనా ఎలా కనిపిస్తుంది? ఫలానా లెన్స్ కొను అని మాత్రం చెప్పకండి, డబ్బుల్లేవు.

ఖాజా ప్రియుడు (ఛత్రపురం)
పూరీ వెళ్ళి ఖాజా తినకుండా ఫొటోలు తీసేవాడికి ప్రేరణ ఎక్కణ్ణుంచి వస్తుంది తమ్ముడూ. ముందు అరకిలో తిను, తర్వాత ఆలోచిద్దాం.

పర్లాకిమిడి పంతులు (గజపతి జిల్లా)
బాబూ, మా రోజుల్లో రీలుకి 36 బొమ్మలు. రథయాత్రకి రెండు రీళ్ళు పట్టుకెళ్ళేవాణ్ణి. అంటే మూడు పూటలకి 72 బొమ్మలు. బొత్తాం నొక్కితే రెండు రూపాయలు పోయినట్టు ఉండేది, అందుకని నొక్కేముందు చాలాసేపు నిలబడేవాణ్ణి. నిలబడితే చాలు, ఏదో ఒకటి జరిగేది. నువ్వు వెయ్యి తీశావంటే ఎక్కడా నిలబడలేదన్నమాట. కోప్పడుతున్నానని అనుకోకు.

ఒక పని చెప్తాను. రోజూ సాయంకాలం చునరా సేవకులు శిఖరం ఎక్కి జెండా మారుస్తారు కదా. 214 అడుగులు, ఒంటికి తాడు కూడా కట్టుకోరు. ఆ వేళకి సింహద్వారం ముందున్న వాళ్ళందరి ఫోన్లూ పైకి లేస్తాయి. జెండా బొమ్మ వాళ్ళందరి దగ్గరా ఉంటుంది. నువ్వు అరుణస్తంభం దగ్గర గుడికి వీపు పెట్టి జనం వైపు తిరుగు. తల పైకెత్తినప్పుడు మనిషి మొహం మారిపోతుంది. దణ్ణం పెడుతున్నామనే స్పృహ లేకుండానే చేతులు కలిసిపోతాయి. చంకలో పిల్ల, నెత్తి మీద మూట ఉన్న ఆవిడైతే చెయ్యి ఖాళీ లేక గడ్డంతో దణ్ణం పెడుతుంది. ఆ బొమ్మ ఒక్కసారి దొరికింది నాకు. ఇప్పటికీ గోడకి ఉంది.

(ఆ అరుణస్తంభం కోణార్కది. 18వ శతాబ్దంలో మరాఠాలు తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. మరొక చోటు నుంచి వచ్చిన స్తంభం పక్కన నిలబడి, మరొక చోటు నుంచి వచ్చిన జనాన్ని చూడటం నాకెందుకో నచ్చుతుంది.)

గుడి లోపలికి కెమెరా, ఫోన్ రెండూ కుదరవు. అది మంచిదే. లోపలికి వెళ్ళి ఉత్త కళ్ళతో చూసి రా, తర్వాత బయట తియ్యి.

పట్టునేత (బరంపురం)
పంతులుగారు చెప్పింది బాగుంది. నాది ఫోనే. నేను వేరేలా వెళ్తాను, ఊరిని కాకుండా రంగుని వెతుకుతాను.

మాది మగ్గం ఇల్లు. చిన్నప్పటి నుంచి అమ్మ పొద్దున్నే దారాన్ని వెలుతురుకి పెట్టి చూసేది. ఇదే ఎరుపు నీడలో ఒకలా, ఎండలో ఒకలా ఉంటుందని మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పూరీలో మూడు రథాలకీ ఎరుపు ఉమ్మడి. జగన్నాథుడి నందిఘోషానికి ఎరుపూ పసుపూ, బలభద్రుడి తాళధ్వజానికి ఎరుపూ ఆకుపచ్చా, సుభద్ర దర్పదళనానికి ఎరుపూ నలుపూ. ఒకసారి ఒక రోజంతా ఎరుపు తప్ప ఏదీ తీయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మొదటి గంట బోరు. ఆ తర్వాత మందారాలు, దుకాణం ముందు వేలాడే గుడ్డలు, గోడ మీద పాన్ ఉమ్ము, రిక్షా సీటు, ఇటుకల పొడి, ముత్తైదువ కాలి పారాణి... ఆగమన్నా ఆగవు. సాయంకాలానికి కళ్ళు మూసుకున్నా ఎరుపే.

రఘుబీర్ సింగ్ గారని పెద్ద ఫొటోగ్రాఫర్ ఉండేవారు, 1999లో పోయారు. లోకమంతా నలుపు తెలుపే కళ అంటున్న రోజుల్లో ఆయన రంగుల్లోనే తీశారు. భారతీయుడి చూపులోనే రంగు ఉందని ఆయన వాదన. అంబాసిడర్ కారు అద్దాల్లోంచి, తలుపుల సందుల్లోంచి దేశమంతా తీశారు. కారు తలుపు కూడా ఫ్రేమే కదా అనుకున్నాక, ఆటోలో కూర్చున్నా నాకు బోలెడు పని దొరుకుతోంది.

అస్కారోడ్డు కుర్రోడు
పంతులుగారూ, కోప్పడినా పర్వాలేదు, నిజమే చెప్పారు. అక్కా, ఒట్టు నేనూ పెట్టుకుంటాను.

ఇంకో ఇబ్బంది ఉంది. తెల్లవారుజామున గదిలోంచి ఒడ్డుకి పరిగెత్తితే లెన్స్ నిండా ఆవిరి. తుడిస్తే మళ్ళీ వచ్చింది. సూర్యుడు నా కోసం ఆగలేదు.

రాయగడ రైలు (రాయగడ)
ఏసీ గది కదా? చల్లబడిన గాజుకి తడి గాలి తగిలితే నీరు పట్టక ఏం చేస్తుంది. నిద్ర లేవగానే కెమెరాని బ్యాగులోనే, జిప్పు వేసి, బాల్కనీలో పెట్టండి. అరగంటకి బయటి వేడికి అలవాటు పడుతుంది. తుడవడం శుద్ధ దండగ. ఒడ్డున లెన్స్ మార్చకండి. ఇసుక పడితే ముందు ఊదండి, గుడ్డతో రుద్దితే గీతలే. ఉప్పు గాలికి సాయంకాలం కెమెరా ఒంటిని కొంచెం తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడిచి, సిలికా పొట్లాలు వేసి పెట్టండి. అంతే.

రైల్లోనే వెళ్ళండి. బరంపురం దాటాక కుడివైపు కిటికీ. రంభ నుంచి బాలుగాం దాకా చిల్క సరస్సు మీ పక్కనే నడుస్తుంది. కిటికీ కమ్మీలు అడ్డం అనుకోకండి, కమ్మీలతో కలిపే తీయండి.

ఖాజా ప్రియుడు
కోణార్క్ చక్రం ముందు నిలబడి ఫొటో తీసుకోకపోతే అసలు ఒడిశా వెళ్ళినట్టే కాదని మా ఆవిడ అంటుంది. దాని సంగతేంటి?

పర్లాకిమిడి పంతులు
అక్కడ 24 చక్రాలున్నాయి నాయనా. అందరూ ఒక్కదాని ముందే వరుస కడతారు. చలికాలం పొద్దున్న దక్షిణం వైపు చక్రాల మీద ఎండ ఏటవాలుగా పడి చెక్కడం లేచి నిలబడుతుంది. మీ ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళండి. క్యూ ఉండదు, ఆవిడా సంతోషిస్తుంది.

గోపాల్‌పూర్ గాలి (గోపాల్‌పూర్)
తమ్ముడూ, ఇవన్నీ ఎందుకు, పెంటకోట వెళ్ళు. చక్రతీర్థం దాటి ముందుకెళ్తే జాలరిపేట. అంతా మనవాళ్ళే, తెలుగే మాట్లాడతారు. పడవలు, వలలు, ఎండుచేపలు, బురదలో పిల్లలు... అసలైన జీవితం. టూరిస్టులు రారు. నేను వెళ్ళిన ప్రతిసారీ అక్కడే తీస్తాను. ఒక ఫొటోకి ప్రైజు కూడా వచ్చింది. జూమ్ లెన్స్ వేసుకుని దూరం నుంచి తీస్తే ఎవరికీ తెలియదు, మొహాల్లో సహజత్వం ఉంటుంది.

నోలియా మనవడు (పూరీ, ప్రస్తుతం బరంపురం)
చాలా కాలంగా ఇక్కడ చదవడమే, రాయలేదు. ఇది చూశాక ఉండలేక రాస్తున్నాను.

గోపాల్‌పూర్ అన్నా, మీరు "అసలైన జీవితం" అన్నది మా ఇల్లు. మా ముత్తాతలు శ్రీకాకుళం తీరం నుంచి తెప్పల మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తరాలు గడిచిపోయాయి. ఊరు ఒరియా, బడి ఒరియా, ఇంట్లో తెలుగు, గుళ్ళో గంగమ్మ. మాది ఏ లిపిలో రాసుకోవాలో తెలియని తెలుగు. నేను ఈ అక్షరాలు డిగ్రీకి బరంపురం వచ్చాక నేర్చుకున్నాను.

మా తాత నోలియా. అదే, కోసుగా ఉండే తెల్ల టోపీ పెట్టుకుని ఒడ్డున తిరుగుతూ, అలల్లో కొట్టుకుపోయే యాత్రికుల్ని లాక్కొచ్చేవాళ్ళు. ఎంతమందిని లాగాడో ఆయనే లెక్కపెట్టుకోలేదు. ఆ టోపీతో ఆయన్ని ఎంతమంది ఫొటో తీశారో కూడా లెక్క లేదు. అడిగి తీసినవాళ్ళున్నారు, అడక్కుండా తీసినవాళ్ళున్నారు, "పంపిస్తాం" అని అడ్రసు రాసుకున్నవాళ్ళున్నారు. ఆయన పోయినప్పుడు దండ వెయ్యడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఓటరు కార్డు మీది బొమ్మ పెద్దది చేయించాం. మసక. కళ్ళు ఎవరివో అన్నట్టున్నాయి. ఆయన మొహం దేశంలో ఎన్ని ఇళ్ళల్లో ఆల్బముల్లో ఉందో, మా ఇంట్లో మాత్రం లేదు.

మీకు ప్రైజు వచ్చిన ఫొటోలో ఉన్నది ఎవరు అన్నా? పేరు తెలుసా?

గోపాల్‌పూర్ గాలి
తమ్ముడూ, నేను చెడు ఉద్దేశంతో అనలేదు. మనవాళ్ళే అన్న అభిమానంతోనే అన్నాను. కానీ ఒకటి చెప్పు. అడిగితే జనం బిగుసుకుపోతారు. చేతులు కట్టుకుని, చొక్కా సర్దుకుని నిలబడతారు. అది ఫొటో అవుతుందా, గ్రూపు ఫొటో అవుతుంది గానీ.

పేరు తెలియదు. నిజం.

పట్టునేత
బిగుసుకుపోవడం మొదటి అయిదు నిమిషాలేనండీ. తర్వాత వాళ్ళకి పనులుంటాయి, మనల్ని మర్చిపోతారు. ఆ అయిదు నిమిషాలు ఓపిక పట్టలేకే మనం జూమ్ వేస్తాం.

నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. మా వీధిలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. నేతవాళ్ళ పండగ, బుఢీ ఠాకురాణి మా ఆడపడుచు లెక్క, పుట్టింటికి వస్తుంది. ఆ రోజుల్లో కెమెరాల వాళ్ళు మా అరుగు ఎక్కి, మా గుమ్మంలోకి లెన్స్ పెట్టి తీస్తారు. మా అత్తగారు తల దువ్వుకుంటుంటే ఒకాయన తీశాడు. ఆవిడ దువ్వెన విసిరింది. చూస్తూ ఉంటే నవ్వొచ్చింది గానీ, అదే నేను పూరీలో ఎన్నిసార్లు చేశానో తలుచుకుంటే నవ్వు ఆగిపోయింది. స్వర్గద్వారం దగ్గర శ్మశానంలో కాలుతున్న చితిని తీశాను ఒకసారి. ఆ పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చి ఆ ఫొటో తీసేశాను. ఎవరికీ చూపించలేదు, ఇప్పుడే చెప్తున్నాను.

పర్లాకిమిడి పంతులు
నోలియా మనవడూ, నీ తెలుగు చాలా బాగుంది. జనం మాట్లాడే తెలుగునే రాయాలని గిడుగు రామమూర్తిగారు పోరాడింది మా పర్లాకిమిడి నుంచే. ఇంట్లో మాట్లాడేదే అసలు తెలుగు, లిపి సంగతి తర్వాత. తాతగారి విషయం చదివాక నా పాత నెగటివ్‌ల డబ్బా దించాను. ఒడ్డున తెల్ల టోపీల వాళ్ళవి మూడు బొమ్మలున్నాయి. మీ తాతగారు కావాలని లేదు, అయినా చూసి చెప్పు. స్కాన్ చేయించి విడిగా పంపుతాను.

నోలియా మనవడు
పంపండి తాతగారూ. మా నాన్నకి చూపిస్తాను.

కుర్రోడా, నువ్వు మేలో వెళ్తే ఒక సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, 61 రోజులు. బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. మగవాళ్ళు పొద్దున్నంతా వలలు బాగుచేసుకుంటారు, బోట్లకి రంగులేస్తారు. సంపాదన ఉండదు, తీరిక ఉంటుంది. మాట్లాడతారు. కెమెరా ముందే తీయకు. అంతకంటే చెప్పను.

రాయగడ రైలు
మేలో ఇంకోటి. అక్షయ తృతీయ నాడు రథాల పని మొదలవుతుంది, ఏటా కొత్త కలపతో. 16, 14, 12 కలిపి 42 చక్రాలు. పూర్తయిన రథాన్ని లోకమంతా తీస్తుంది. బడదండ పక్కన సగం చెక్కిన చక్రాన్ని ఎంతమంది తీస్తారు? అదే రోజు నుంచి నరేంద్ర పుష్కరిణిలో దేవుణ్ణి పడవలో తిప్పే చందనయాత్ర కూడా, 21 రోజులు. రాత్రి నీళ్ళ మీద పడవ దీపాలు. స్టాండు లేకపోతే గట్టు మీద కెమెరా ఆనించి తీయండి.

అస్కారోడ్డు కుర్రోడు
(అయిదు వారాల తర్వాత)
వెళ్ళొచ్చాను. నాలుగు రోజులు. ఈసారి 200 కూడా లేవు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొదటి రోజు పంతులుగారి పాఠం. గుడికి వీపు పెట్టి నిలబడ్డాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఒక పండా, అంటే గుడి పూజారి, వచ్చి "గుడి అటు బాబూ" అని భుజం పట్టుకుని తిప్పాడు. మళ్ళీ ఇటు తిరిగాను. పది మంచివి వచ్చాయి. గడ్డంతో దణ్ణం పెట్టే ఆవిడ దొరకలేదు. ఒక నాన్న మాత్రం కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని, వాడి కాళ్ళు రెండూ చేతుల్లో ఉంటే ఆ కాళ్ళనే కలిపి దణ్ణం పెట్టాడు.

రెండో రోజు ఎరుపు ఒట్టు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. ఎండకి తల తిరిగి కుంభారపడాలో ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాను. కుమ్మరాయన నీళ్ళిచ్చాడు. మహాప్రసాదం వండే కుండలు ఆ వీధివే. గుళ్ళో వాడిన కుండ మళ్ళీ వాడరు కాబట్టి రోజూ కొత్తవి కావాలి. కుండలు కాల్చే వాము పక్కన పేర్చినవన్నీ ఎరుపే. వచ్చి పడ్డది సరైన చోటే.

మూడో రోజు పెంటకోట. కెమెరా బ్యాగులోనే. పొద్దున్న ఐదు దాటిందంటే వెలుతురే. ఒక బోటు నీడలో వల కుట్టుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చున్నాను. "ఏ ఊరు బాబూ?" అన్నాడు. బరంపురం అన్నాను. "మా మేనకోడల్ని ఆడికే ఇచ్చినాం" అని వీధి పేరు చెప్పాడు. మా ఇంటి వెనక వీధి! ఇక అంతే. టీ వచ్చింది. ఒక పెద్దమ్మ వచ్చి బ్యాగు చూసి "ఫొటోలు తీత్తావేటి?" అంది. తీస్తానన్నాను.

నేను అనుకున్నదేంటంటే, ఇప్పుడు వల, చేతులు, అలలు తీయొచ్చని. ఆవిడ అడిగింది వేరు. "మా మనవడికి బడికి పాసుపోర్టు ఫొటో కావాల, ఇక్కణ్ణుంచి స్టూడియోకి ఎల్లాలంటే ఆటోకే అయిపోతాది."

వాణ్ణి కొత్తగా నీలం రంగేసిన ఫైబర్ బోటు పక్కన నిలబెట్టి తీశాను. వాడు వెళ్ళి ఇద్దర్ని తీసుకొచ్చాడు. వాళ్ళు వెళ్ళి నలుగుర్ని. తొమ్మిది గంటలకల్లా ఆ బోటు ముందు క్యూ. తలకి నూనె రాసుకుని, పౌడరు వేసుకుని, ఒకే చొక్కా ముగ్గురు మార్చుకుని వచ్చారు. బ్యాంకు పుస్తకానికని ఆడవాళ్ళు, పింఛనుకని ముసలివాళ్ళు. గోపాల్‌పూర్ అన్నా, అందరూ బిగుసుకుపోయే నిలబడ్డారు. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి. 47 మంది. ప్రతి ఒక్కరి పేరూ పుస్తకంలో రాసుకున్నాను. వెనక నీలం రంగు ఎండ పెరిగేకొద్దీ మారుతూ వచ్చింది, అక్క వాళ్ళ అమ్మగారి దారంలాగా.

సాయంకాలం ప్రింట్లు వేయించి నాలుగో రోజు పొద్దున్న పంచాను. చేతిలో ఉన్న డబ్బులన్నీ అయిపోయి తిరుగు టికెట్టుకి నాన్నకి ఫోన్ చేశాను.

47 మొహాల్నీ ఒకే కాగితం మీద వరుసగా పెట్టి చెల్లెలికి చూపించాను. చాలాసేపు చూసింది. "వీళ్ళంతా ఎవరు?" అంది. చెప్తూ కూర్చున్నాను, అన్నం చల్లారిపోయింది.

కాగితం ఇక్కడ పెడుతున్నాను. అందరినీ అడిగే పెడుతున్నాను.

పట్టునేత
మూడో వరుసలో మెడలో నల్లపూసలావిడ నవ్వు ఆపుకుంటోంది చూడండి. పక్కన ఎవరో ఏదో అన్నారు. నేను పందెం వేస్తాను.

గోపాల్‌పూర్ గాలి
చూశాను. మాట్లాడటానికి ఏమీ లేదు. వచ్చే ఆదివారం ఆ ప్రైజు ఫొటో ప్రింటు పట్టుకుని నేనూ వెళ్తున్నాను. ఆయన దొరుకుతాడో లేదో.

ఖాజా ప్రియుడు
ఇంతకీ ఖాజా తిన్నావా లేదా?

నోలియా మనవడు
పంతులు తాతగారి మూడు బొమ్మల్లో రెండోది మా తాత కాదు, ఆయన జట్టులో మనిషి అని నాన్న గుర్తుపట్టాడు. వాళ్ళ ఇంటికి పంపించాం. వాళ్ళకీ లేదట.

కుర్రోడా, నాలుగో వరుసలో ఎడమ చివర ఉన్నవాడు మా పెద్దమ్మ మనవడు. నీ ఫొటో అతికించి బడికి ఇచ్చాడు. వెనక నీలం కుదరదు, తెల్లగా ఉండాలి అని తిప్పి పంపారు.

అస్కారోడ్డు కుర్రోడు
అయ్యో! మిగతా పిల్లలవి కూడానా? శనివారం రాత్రి బండికి బయల్దేరుతున్నాను. అమ్మ దగ్గర తెల్ల దుప్పటి తీసుకున్నాను. కట్టడానికి రెండు వెదురు కర్రలు మీ వాళ్ళని చూడమను.